ఇంకోసారక్క ఆమెన్

ఆ ఆసుపత్రికి నేల కింద ఒక అంతస్తు ఉంది. అక్కడికి రోగులు రారు, వాళ్ల చుట్టాలు రారు, పెద్ద డాక్టర్లనడిగితే ఆ గది ఎటువైపుందో కూడా చెప్పలేరు. కానీ ఆ గదిని దాటకుండా పైన ఏ ఆపరేషన్ థియేటర్‌లోకీ ఒక్క కత్తెర కూడా పోదు. వాడేసిన సామాను ఒక లిఫ్టులో కిందికి దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి పళ్లూ కీళ్లూ చూసి, లెక్కపెట్టి ట్రేలో సర్దుతారు. రెండు పొరల గుడ్డలో చుట్టి టేపు అతికిస్తారు. అప్పుడు ఆవిరి యంత్రంలోకి నెడతారు. బయటికొచ్చేసరికి టేపు మీది తెల్లగీతలు నల్లబడి ఉంటాయి. గీతలు నల్లబడ్డాయంటే సెట్టు తయారైనట్టే. ఇక దాన్ని విప్పే హక్కు పైన థియేటర్‌లో చేతులు కడుక్కుని నిలబడ్డ నర్సుకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో సెట్లు కడుతున్న ఒకావిడ కథ ఇది. ఆవిడ పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. మనుషులు మాత్రం, ఊడ్చే ఆయా దగ్గర్నుంచి ఇన్‌ఛార్జి సిస్టర్ దాకా, ఇంకోసారక్క అనే పిలుస్తారు. ఆ బిరుదు ఎవరిచ్చారో తెలియదు గానీ ఆవిడ కష్టపడి సంపాదించుకున్నదే. పద్దెనిమిది లెక్కపెట్టి, పద్దెనిమిదని రాసి, కలానికి మూత పెట్టి, అంతలోనే "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూద్దాం" అనేది. రెండోసారీ పద్దెనిమిదే వచ్చేది. ఆ రెండోసారి సరిగ్గా చూశానా లేదా అని మూడోసారి మొదలయ్యేది.

ప్రతి సెట్టుకూ రెండు సంతకాలుండాలి. ఒకటి కట్టినవాళ్లది, ఒకటి చూసినవాళ్లది. ఆవిడ సెట్లకు రెండో సంతకం ఆవిరి బాబాయిది. ఆవిరి యంత్రం నడిపే పెద్దాయన్ని అక్కడందరూ అలాగే పిలుస్తారు. వేరేవాళ్ల దగ్గర నిలబడే సంతకం పెట్టే మనిషి, ఈవిడ బల్ల దగ్గరికొచ్చేటప్పుడు మాత్రం స్టూలు వెంట తెచ్చుకునేవాడు.

"అమ్మాయ్, ఇనప సామాను పిల్లల్ని పెట్టదు. ఇందాక పద్దెనిమిదైతే ఇప్పుడూ పద్దెనిమిదే."

"తెలుసు బాబాయ్. ఒక్కసారి."

"ఆ ఒక్కసారి అయ్యి పావుగంటైంది."

ఇంట్లోనూ ఇదే వరస. భర్త స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున్నే బస్సు తియ్యడానికి వెళ్తూ ఆవిణ్ని దారిలో దింపుతాడు. ఆవిడ తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది, గేటు దాకా వస్తుంది, మళ్లీ వెనక్కి వెళ్లి లాగుతుంది. ఆయన స్కూటరు మీద కూర్చుని ఈలోపు పేపరు చదివేసేవాడు. "ఆ తాళానికి నోరుంటే నీ మీద ఎప్పుడో కేసు పెట్టేది," అనేవాడు. నిజంగానే రెండేళ్లకో తాళం అరిగిపోయేది ఆ ఇంట్లో.

పొద్దున ప్రార్థన సంగతి చెప్పకపోతే ఈ మనిషి సగమే తెలిసినట్టు. స్టవ్ వెలిగించకముందే మంచం పక్కన మోకరించి, తనవాళ్లందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. భర్త, ఆయన బస్సు, బస్సులో పిల్లలు, చెల్లి, చెల్లి సంసారం, ఆ రోజు కత్తి కిందికి వెళ్లే రోగులు. ఆమెన్ అనేది. లేచి రెండడుగులు వేసేది. బస్సు బ్రేకుల గురించి చెప్పానా లేదా అని ఆగేది. మళ్లీ మోకాళ్ల మీదికి. "ప్రభువా, ఇంకోసారి..."

"ఆయనకు చెవుడని నీకెవరు చెప్పారు?" అని దుప్పట్లోంచి భర్త గొణిగేవాడు.

నవ్వొచ్చే మాటే గానీ, ఆవిడకు మాత్రం నవ్వులాట కాదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు మనవాళ్లు. లోపల ఎప్పుడూ ఒక దడ. అరచేతులు చెమట. ఏదో ఒకటి మర్చిపోయాను, దానివల్ల ఎవరికో ఏదో అయిపోతుంది అనే భయం. భక్తి లేక కాదు. ఆదివారం చర్చిలో మూడో బల్ల మీద కుడి చివర ఆవిడ లేకపోతే అయ్యగారు కళ్లతో వెతికేవారు. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడా అని నిద్రలో లేపి అడిగినా అవుననే చెప్పేది. కానీ మనసులో ఆవిడ దేవుడికి చేతిలో ఒక జాబితా ఉండేది. లెక్క సరిపోయినంతవరకూ ప్రేమిస్తాడు, ఒకటి తగ్గితే మాత్రం పైకి పిలుస్తాడు. ఇలా ఆవిడ ఎప్పుడూ నోటితో అనలేదు గానీ, బతికింది మాత్రం ఆ దేవుడితోనే.

దీనికొక మూలం ఉంది. ఆవిడకు తొమ్మిదేళ్లప్పుడు చెల్లికి ఐదేళ్లు. వాళ్లుండేది మూడో అంతస్తులో. ఒక పొద్దున అమ్మ ఇద్దర్నీ బడికి పంపుతూ "మెట్ల మీద చెల్లి చెయ్యి వదలకు" అంది. రోజూ అనే మాటే. సగం దిగాక ఈవిడ జడ రిబ్బను ఊడింది. రిబ్బను కట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి కదా. వదిలింది. ఎంతసేపు? రిబ్బను ఒక చుట్టు తిరిగినంతసేపు. చెల్లి ఆరు మెట్లు దొర్లింది. ఎడమ మోచెయ్యి విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేదు. ఎలా పడిందని అమ్మ అడిగితే "జారింది" అని చెప్పింది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. రిబ్బను సంగతి నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. దేవుడి దగ్గర కూడా "తెలిసీ తెలియక చేసిన తప్పులు" అనే పెద్ద గంపలో పడేసి, పైన గుడ్డ కప్పి అప్పజెప్పేది.

ఆ రోజు నుంచి ఆవిడ దేన్నీ చేతిలోంచి వదల్లేదు. తాళాన్నీ వదల్లేదు, లెక్కనూ వదల్లేదు, ప్రార్థననూ వదల్లేదు.

ఈ మధ్య ఒక తప్పు చేసింది. ఆ గదిలో పనిచేసేవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యలేని తప్పు. ఉడికి, గీతలు నల్లబడి, అలమరలోకి చేరిన సెట్టును విప్పింది. లోపల ఒక చిన్న పట్టకారు పెట్టానా లేదా అని అనుమానం వచ్చింది, అంతే. పట్టకారు దాని చోట అది హాయిగా ఉంది. కానీ ఉడికిన సెట్టు ఎలాంటిదంటే, లోపల శుభ్రంగా ఉందో లేదో అని విప్పి చూస్తే, ఆ చూడటంతోనే శుభ్రం పోతుంది. మళ్లీ కడగాలి, మళ్లీ ఆరబెట్టాలి, మళ్లీ ఉడికించాలి. పైన రాత్రి నుంచి పస్తు ఉన్న ఒక ముసలాయన ఆ రోజు ఇంకో ఐదు గంటలు పస్తు ఉన్నాడు.

ఇన్‌ఛార్జి సిస్టర్ ఆవిడకన్నా పదేళ్లు చిన్నది. పిలిచి కూర్చోబెట్టి, తలుపు వేసి చెప్పింది.

"అక్కా, మీ చేతుల మీద నాకు అనుమానం లేదు. మీ అనుమానమంటేనే నాకు భయం. ఇలా విప్పడం ఇది రెండోసారి. మూడోసారి జరిగితే మిమ్మల్ని దుప్పట్లు మడతపెట్టే గదికి పంపడం తప్ప నాకు వేరే దారి లేదు."

"అక్కడా మడతపెట్టింది మళ్లీ విప్పి చూస్తుంది," అన్నాడు ఆవిరి బాబాయి ఆ సంగతి విని. అన్నాక ఆవిడ మొహం చూసి, "ఊరికే అన్నాలే అమ్మాయ్," అని తన యంత్రం వైపు తిరిగాడు.

సరిగ్గా ఆ నెలలోనే చెల్లికి గొంతు దగ్గర గడ్డ బయటపడింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. తియ్యాల్సిందే అన్నారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు వారానికి ఒక్క పూట, మంగళవారం పొద్దున వస్తాడు. గొంతుది ఒకటి, చెవీ ముక్కువి రెండు, మూడే ఆపరేషన్లు చేస్తాడు. చెల్లిది మొదటిది. ఆ రోజు తప్పితే మళ్లీ ఐదు వారాల తర్వాతే ఖాళీ. ఇక గొంతు ఆపరేషన్ల సెట్టు ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే ఉంది. అది కట్టేది ఇంకోసారక్క.

ఆవిడ ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి పరిగెత్తింది. "సిస్టర్, ఈ ఒక్కటీ వేరేవాళ్లతో కట్టించండి. నా వల్ల కాదు."

"మా అమ్మకైనా సరే, మీరు కట్టిన సెట్టే పంపిస్తానక్కా నేను. వెళ్లి కట్టండి."

పొగడ్తే అది. కానీ ఆ పొగడ్త ఆవిడ నెత్తిన బండరాయిలా కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం కట్టడం మొదలుపెట్టింది. ఆ సెట్టులో దోమ పేరు పెట్టి పిలిచే సన్నటి వంకర క్లిప్పులు ఆరుంటాయి. రక్తనాళాల్ని పట్టి ఆపేవి అవే. ఆవిడ భయమంతా వాటి మీదే. ఆరూ లెక్కపెట్టింది, ఆరింటి పళ్లూ చూసింది, బాబాయిని పిలిచి లెక్కపెట్టించింది, ఆయన ఆరన్నాక మళ్లీ పెట్టించింది. నాలుగోసారి బాబాయి చేతులు జోడించాడు. "తల్లీ, ఇవి ఆరు. నేను చచ్చాక నా సమాధి మీద కూడా ఆరని రాయించు. సంతకం పెట్టనీ." పెట్టాడు. ఆవిడా పెట్టింది. చుట్టి, టేపు వేసి, యంత్రంలోకి పంపారు. సాయంత్రానికి గీతలు నల్లబడి అలమరలోకి చేరింది.

డ్యూటీ దిగాక వార్డుకెళ్లింది. చెల్లి బడిలో లెక్కల టీచరు. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుని ఉంది. ఒక్కో పేపరు ఒక్కసారే చూసి, మార్కులు వేసి, పక్కన పడేస్తోంది.

"ఏమే, రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇవేంటే?"

"నీ మొహమేంటక్కా అలా ఉంది? ఆపరేషన్ నాకా, నీకా? కందకు లేని దురద కత్తిపీటకెందుకంట?"

ఇంకోసారక్కకు నవ్వు రాలేదు. మంచం అంచున కూర్చుని, చెల్లి వంకర మోచేతిని ఎప్పటిలాగే చూడనట్టు చూసింది. చెల్లి పేపర్లు పక్కన పెట్టింది.

"భయం లేదనుకుంటున్నావా నాకు? ఉంది. కానీ నాకు భయం వేసినప్పుడల్లా ఎవరో ఎత్తుకున్నట్టుంటుందక్కా. దేవుడు ప్రేమిస్తాడంటే నాకు తెలిసింది అదే. అదెక్కడ తెలిసిందో తెలుసా? ఆ రోజు మెట్ల దగ్గర. నువ్వు నన్నెత్తుకుని మూడు వీధులు పరిగెత్తావు చూడు డాక్టరు దగ్గరికి. బక్కపీచు మనిషివి, రెండుచోట్ల పడబోయావు కూడా. 'ప్రభువా ప్రభువా' అంటూనే ఉన్నావు. నాకు నొప్పి గుర్తులేదు, ఏడ్చింది గుర్తులేదు. నీ మెడ గుర్తుంది. చర్చిలో అయ్యగారు దేవుడి ప్రేమ అన్నప్పుడల్లా నాకు నీ పరుగే కనబడుతుంది."

ఇంకోసారక్క చెల్లి దుప్పటి అంచు సర్దింది. చెప్పెయ్యాలనుకుంది. రిబ్బను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రేపు ఆపరేషన్ ఉన్న మనిషికి ఇప్పుడా చెప్పడం అని మింగేసింది. అది సాకేనని ఆవిడకూ తెలుసు.

"ప్రార్థన చెయ్యి. చిన్నది," అంది చెల్లి. "బస్సు బ్రేకులొద్దు."

చేసింది. చెల్లి పేరు చెప్పింది, డాక్టరు చేతులు చెప్పింది, ఆమెన్ అంది. అనగానే పెదవులు మళ్లీ కదలబోయాయి. చెల్లి గబుక్కున ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టింది.

"ఆమెన్ అన్నావుగా. టేపు అతికించేసినట్టే. ఇక విప్పకే అక్కా."

మంగళవారం పొద్దున ఏడుంబావు. అలమర ముందు ఇంకోసారక్క ఒక్కతే నిలబడి ఉంది. ఎనిమిదికి సెట్టు శుభ్రమైన సామాను లిఫ్టులో పైకి వెళ్లాలి. రెండో అరలో నల్లగీతల టేపుతో కూర్చుని ఉంది అది. ఆవిడ దానివైపు చూడకూడదనే అనుకుంది. చూసింది. ఆరో క్లిప్పు ట్రేలో పెట్టానా, లేక బాబాయి జోక్ వేసినప్పుడు చేతిలోనే ఉండిపోయి బల్ల మీద పెట్టేశానా? గుర్తు రాలేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. పెట్టకపోతే? చెల్లి గొంతు తెరిచాక ఆరోది కావాలని అడిగితే? అరచేతులు చెమట పట్టాయి. చెయ్యి దానంతటదే పోయింది. చూపుడువేలి గోరు టేపు అంచుకు తగిలింది.

ఒక్కసారి విప్పితే తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఊపిరి ఆడుతుంది. కానీ మళ్లీ ఉడికేలోపు డాక్టరు వెళ్లిపోతాడు, చెల్లి ఆపరేషన్ ఐదు వారాలు వెనక్కి పోతుంది. పడుకుంటే ఊపిరాడని మనిషి ఐదు వారాలు కూర్చునే నిద్రపోవాలి. అదంతా ఆవిడకు తెలుసు. తెలిసినా గోరు అక్కడే ఉంది.

విప్పకే అక్కా అన్న మాట అప్పుడు చెవిలో పడింది. ఆవిడకు చప్పున ఒకటి అర్థమైంది. నలభై ఏళ్లుగా ప్రతి పొద్దునా చెల్లిని దేవుడి చేతుల్లో పెట్టింది. పెట్టి, ఉందా లేదా అని రెండడుగుల్లోనే విప్పి చూసింది. ఆయన జారవిడుస్తాడని కాదు. తను జారవిడిచింది కాబట్టి. చెయ్యి వదిలినదాన్ని ఆయన ఎలా ప్రేమిస్తాడు, ఏదో ఒకరోజు లెక్క అడగడా అని. ఆ లెక్క అడగకముందే అన్నీ సరిగ్గా ఉంచాలని ఈ పరుగంతా.

ఆవిడ గంప లేకుండా, గుడ్డ కప్పకుండా, గట్టిగానే చెప్పింది.

"ప్రభువా, రిబ్బను కోసం దాని చెయ్యి వదిలింది నేను."

ఆవిరి యంత్రం ఎప్పటిలాగే బుసలు కొడుతోంది. పైకప్పు కూలలేదు. ఎవరూ పైకి పిలవలేదు. ఆ మాట ఆయనకు కొత్త కాదని, నలభై ఏళ్ల క్రితం ఆ మెట్ల మీదే తెలుసని, తెలిసే ఆ మూడు వీధులూ తన వెంట పరిగెత్తాడని ఆవిడకు అప్పుడు అనిపించింది. తొమ్మిదేళ్ల బక్కపిల్ల ఐదేళ్ల పిల్లను ఎత్తుకుని అంతదూరం ఎలా పరిగెత్తింది మరి? ఎవరో ఇద్దర్నీ కలిపి ఎత్తుకుంటే తప్ప. కళ్లు నిండాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఊపిరి పొట్ట దాకా దిగడం అంటే ఏమిటో ఆవిడకు అప్పుడే తెలిసింది.

"దాన్ని నువ్వే ఎత్తుకో. నన్నూ ఎత్తుకో. ఆమెన్."

గోరు వెనక్కి తీసుకుంది. టేపు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి నిమిరింది. సెట్టును లిఫ్టులో పెట్టి మీట నొక్కింది. లిఫ్టు పైకి వెళ్లేదాకా చూసి, వచ్చి తన బల్ల దగ్గర కూర్చుని తర్వాతి ట్రే లాక్కుంది. పద్నాలుగు లెక్కపెట్టింది. పద్నాలుగని రాసింది. కలానికి మూత పెట్టింది. బాబాయి స్టూలు తెచ్చుకునేలోపే ట్రే ముందుకు జరిపింది.

"జ్వరమా అమ్మాయ్?" అన్నాడాయన.

తొమ్మిదీ ఇరవైకి ఫోన్ మోగింది. థియేటర్ నుంచి. ఇన్‌ఛార్జి సిస్టర్ తీసింది, విన్నది, ఇటు తిరిగింది. "అక్కా, గొంతు సెట్టు. ఒకటి తక్కువుందంట."

ఇంకోసారక్క గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి. లేచి నిలబడింది. "వంకర క్లిప్పా?"

"అవి ఆరూ ఉన్నాయి. పైన కప్పే గుడ్డల్ని పట్టి ఉంచే క్లిప్పులు ఐదుండాలి కదా, నాలుగే ఉన్నాయంట."

గుడ్డ క్లిప్పు! దాని గురించి ఆవిడ ఇరవై రెండేళ్లలో ఒక్క పూట కూడా భయపడలేదు. నాలుగుసార్లు అనుమానించినవి ఆరూ క్షేమంగా ఉన్నాయి. అనుమానించనిదే లేదు. దోమ క్లిప్పుల్ని లెక్కపెట్టి లెక్కపెట్టి, బాబాయిని విసిగించి, ఆ గోలలో ఇద్దరూ గుడ్డ క్లిప్పుల దగ్గర కళ్లు మూసుకుని సంతకాలు పెట్టేశారు. బాబాయి అప్పటికే ఆరబెట్టే బుట్టలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. అడుగున తడిగుడ్డ కింద దొరికింది.

"మరి... మరి ఆపరేషన్?" అంది ఆవిడ.

"జరుగుతోంది. థియేటర్‌లో విడి పొట్లాల అలమర ఉందిగా, అందులోంచి ఒకటి తీసుకున్నారు. తగ్గినది మన దగ్గరే ఉందో లేదో తేల్చుకోవడానికి ఫోన్ చేశారు, అంతే." సిస్టర్ ఫోన్‌లో దొరికిందని చెప్పి పెట్టేసింది. "తప్పు తప్పేనక్కా. రాసుకుంటాను. రేపట్నుంచి మీ బల్ల దగ్గర ఒకటే లెక్క, నోరు మెదపకుండా."

విడి పొట్లాల అలమర. ఆ పొట్లాలు కట్టేది ఎవరు? ఇంకోసారక్కే. ప్రతి శనివారం మధ్యాహ్నం, ఒక్కో పొట్లంలో ఒక్కో పనిముట్టు పెట్టి, సీలు వేసి, పైకి పంపేది. ఇరవై రెండేళ్లలో వేలు కట్టి ఉంటుంది. ఎవరి కోసం కడుతున్నానని ఒక్కనాడూ అనుకోలేదు. లెక్క తప్పేవాళ్లుంటారని ముందే తెలిసి ఎవరో ఆ అలమర పెట్టించారు. లెక్క తప్పేవాళ్లంటే ఎవరో అనుకుంది. తనేనని తెలియదు.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత రెండూ కలిసి వచ్చాయి. జన్మంతా భయపడిన రోజు వచ్చేసింది. తప్పు నిజంగానే జరిగింది, అదీ చెల్లి సెట్టులోనే. ఆయన ప్రేమ దానికన్నా ముందే అక్కడికి వెళ్లి అలమర తలుపు తీసుకుని నిలబడి ఉంది. ఆపరేషన్ ఇంకా అవలేదు, చెల్లికి ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. అయినా ఆవిడకు భయం వెయ్యలేదు.

"జ్వరమే," అని తేల్చేసి బాబాయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి వార్డులోకి రానిచ్చారు. గడ్డ మొత్తం వచ్చేసిందని, పరీక్షకు పంపామని, చూడటానికి క్యాన్సర్ కాదు, మంచిదిలాగే ఉందని డాక్టరు చెల్లి బావగారితో, అంటే ఇంకోసారక్క భర్తతో, చెప్పి వెళ్లాడట. చెల్లి మెడకు కట్టు ఉంది. గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వస్తోంది. కళ్లు మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా ఉన్నాయి.

ఇంకోసారక్క కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. "నీ సెట్టులో ఒక క్లిప్పు తగ్గిందే. లెక్క తప్పింది నేనే."

చెల్లి తన ఒళ్లంతా ఒకసారి చూసుకుని, ఉన్నానుగా అన్నట్టు కళ్లెగరేసింది.

"ఇంకొకటి." ఈసారి కూర్చుంది. "మెట్ల మీద... నువ్వు జారలేదు. అమ్మ వదలొద్దంది. నా జడ రిబ్బను ఊడింది. కట్టుకుందామని నేనే నీ చెయ్యి వదిలేశాను."

చెల్లి అక్కను దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. తర్వాత గాలిమాటతో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది.

"తెలుసు. నీలం రిబ్బను. నేను నీ పక్కనే ఉన్నా కదే, నాకు తెలియదా?"

"తెలుసా! మరి నలభై ఏళ్లుగా ఎందుకు అడగలేదే?"

"ఎత్తుకున్నావుగా," అంది చెల్లి. "ఇంకేం అడుగుతాను?"

పూర్తిగా చాపలేని ఆ ఎడమ చెయ్యి మెల్లగా లేచి ఇంకోసారక్క మెడ చుట్టూ పడింది. వంకరగా అతికిన చెయ్యి మెడ చుట్టూ సరిగ్గా సరిపోయింది. ఆవిడ ఆ చేతిని మొదటిసారి తిన్నగా చూసి, దాని మీద చెంప ఆనించి, తనివితీరా ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ భర్తకు ఏమీ అర్థం కాక, మంచిదిలాగే ఉందన్నారుగా, ఎందుకేడుస్తున్నారని నర్సును అడిగాడు.

బుధవారం పొద్దున ఆవిడ మంచం పక్కన మోకరించి, అందర్నీ అప్పజెప్పి, ఆమెన్ అని, లేచి స్టవ్ వెలిగించింది. తయారై బయటికొచ్చి తాళం వేసి, ఒక్కసారి లాగి, గేటు దాటి స్కూటరు వెనక కూర్చుంది. భర్త పేపరు అప్పుడే మొదటి పేజీ తెరిచాడు. మడిచి, వెనక్కి తిరిగి ఆవిణ్ని చూశాడు. తలుపు వైపు చూశాడు.

"తాళం వేశావా?"

"వేశాను. పదండి."

"సరిగ్గా పడిందా?"

"పడిందండీ."

స్కూటరు స్టాండు వేసి దిగాడు.

"ఎందుకైనా మంచిది," అంటూ గేటు తీసుకుని లోపలికి వెళ్లాడు, "ఇంకోసారి చూసొస్తా."